పసుపు పిన్నుకు చోటు లేని టీవీ: పాత వీసీఆర్ బొమ్మ హెచ్‌డీఎంఐలోకి ఎలా చేరుతుంది

కొత్త టీవీని గోడకు బిగించాక వెనక చెయ్యి పెట్టి తడిమితే తగిలేవి రెండో మూడో హెచ్‌డీఎంఐ సాకెట్లు, యూఎస్‌బీ ఒకటో రెండో, యాంటెన్నా పిన్ను, నెట్ వైరు సాకెట్టు. పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లు చాలా మోడళ్లలో లేవు. బీరువాలో పెళ్లి క్యాసెట్ మాత్రం అలాగే ఉంది. అటక మీద వీసీఆర్, డ్రాయరులో హ్యాండీక్యామ్, పిల్లలు ఒకప్పుడు ఆడిన టీవీ గేమ్ పెట్టె కూడా ఉండొచ్చు. వీసీఆర్‌ను కొత్తగా కొందామంటే దొరకదు. అందరికంటే ఆఖరున మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో వాటి తయారీ ఆపేసింది.

అప్పుడు చాలామంది ఆన్‌లైన్‌లో ఒక కేబుల్ కొంటారు. ఒక చివర మూడు రంగుల పిన్నులు, ఇంకో చివర హెచ్‌డీఎంఐ. పిన్నులు చక్కగా పడతాయి, బొమ్మ మాత్రం రాదు. వీసీఆర్ పాడైందేమోనని మెకానిక్ దగ్గరకు మోస్తారు. అక్కడి డబ్బా టీవీలో అది శుభ్రంగా ఆడుతుంది. లోపం వీసీఆర్‌లో లేదు, టీవీలోనూ లేదు. ఆ రెండు సాకెట్ల మధ్య తేడా ఆకారంలో ఉందనుకోవడం దగ్గర పొరపాటు జరిగింది.

పసుపు వైరులో వచ్చేది గీతల వరస

పసుపు పిన్ను మోసుకొచ్చే సిగ్నల్‌ను కాంపోజిట్ వీడియో అంటారు. వైరు కోసి చూస్తే మధ్యలో ఒక్క తీగ, చుట్టూ ఎర్తు జాలీ. ఆ ఒక్క తీగ మీదే వెలుతురు, రంగు, గీత ఎక్కడ మొదలవాలో చెప్పే సింక్ గుర్తు కలగలిసి వస్తాయి. తెలుపు, ఎరుపు పిన్నులవి శబ్దం: ఎడమ, కుడి. వాటితో పెద్ద పేచీ లేదు.

మన దేశంలో 1982లో రంగుల ప్రసారాలు మొదలైనప్పటి నుంచి వాడింది పాల్ పద్ధతి. సెకనుకు 25 ఫ్రేములు, ఫ్రేముకు 625 గీతలు. వాటిలో బొమ్మ ఉండేవి 576. 25ను 625తో గుణిస్తే సెకనుకు 15,625 గీతలు, అంటే గీతకు 64 మైక్రోసెకన్లు. అందులో బొమ్మకు దక్కేది 52. మిగతా 12 మైక్రోసెకన్లు డబ్బా టీవీలో ఎలక్ట్రాన్ పుంజం కుడి అంచు నుంచి ఎడమ అంచుకు తిరిగి రావడానికి ఇచ్చిన గడువు.

ఫ్రేము కూడా ఒక్కసారిగా రాదు. ముందు బేసి గీతలు, 1/50 సెకను తర్వాత సరి గీతలు. ఒక్కో విడతను ఫీల్డు అంటారు, ఈ ఏర్పాటును ఇంటర్‌లేస్ అంటారు. ఈ 1/50 సెకను తేడా తర్వాత చాలా తలనొప్పి తెస్తుంది.

వైరు మీద ఇదంతా 1 వోల్టు లోపలే నడుస్తుంది. కింది 0.3 వోల్టు సింక్‌కు, పైన 0.7 వోల్టు నలుపు నుంచి తెలుపు దాకా. రంగు 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నని అలగా ఆ వెలుతురు మీదే ఎక్కి కూర్చుంటుంది. నలుపు తెలుపు టీవీలు రంగుల ప్రసారాన్ని కూడా చూపగలగాలని, అదనంగా ఇంకో తీగ వేయకుండా చేసిన సర్దుబాటు ఇది. పిక్సెల్ అనే మాటే ఈ సిగ్నల్‌కు తెలియదు. వోల్టేజి పెరుగుతూ తగ్గుతూ పోతుంది; ఏ క్షణంలో ఎంత ఉందో అదే బొమ్మ.

హెచ్‌డీఎంఐ అడిగేది అంకెలు

హెచ్‌డీఎంఐ పిన్నులో 19 కాళ్లు. మొదటి స్పెసిఫికేషన్ 2002 డిసెంబరులో వచ్చింది. అందులో బొమ్మ అంకెల రూపంలో పోతుంది: ఈ చుక్కలో ఎరుపు ఇంత, పచ్చ ఇంత, నీలం ఇంత. 1080పీ బొమ్మను సెకనుకు 60 సార్లు పంపాలంటే సెకనుకు 14.85 కోట్ల చుక్కల చోట్లు కావాలి. దానికి తోడు రెండు పరికరాలూ ముందు మాట్లాడుకుంటాయి. పంపే పెట్టె 5 వోల్టులు ఇస్తుంది, టీవీ తాను ఏయే సైజుల బొమ్మలు తీసుకోగలదో జాబితా ఇస్తుంది, ఆ తర్వాతే బొమ్మ మొదలవుతుంది. ఈ మాటల్లో వీసీఆర్‌కు ఒక్కటీ రాదు.

ఆ 19 కాళ్లలో అనలాగ్ వీడియోకు కేటాయించిన కాలు ఒక్కటి కూడా లేదు. లోపల చిప్పు గానీ బయటి నుంచి కరెంటు గానీ లేని మూడు రంగుల కేబుల్ ఎప్పటికీ పని చేయకపోవడానికి కారణం అదే. పసుపు తీగను ఎక్కడో ఒక కాలికి అతికించి పంపినా టీవీ దాన్ని పలకరించదు.

మరి కంప్యూటర్ల దగ్గర చిన్న అడాప్టర్ పెడితే వీజీఏ మానిటర్‌లో బొమ్మ వచ్చేది కదా అని కొందరు అడుగుతారు. అది డీవీఐ-ఐ రకం సాకెట్టు. అందులో డిజిటల్ కాళ్ల పక్కనే అనలాగ్ కాళ్లు వేరుగా ఉండేవి, అడాప్టర్ వాటినే బయటికి లాగేది. డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి కూడా ఉత్త వైరు సరిపోతుంది, ఎందుకంటే రెండూ ఒకే భాష మాట్లాడతాయి. ఈ రెండు అనుభవాల వల్లే వీసీఆర్‌కు కూడా ఒక వైరు చాలుతుందనే నమ్మకం పాతుకుపోయింది.

దిశ తప్పితే డబ్బు దండగ

కాబట్టి మధ్యలో చిప్పు ఉన్న కన్వర్టర్ పెట్టె కావాలి. బజారులో ఒకేలా కనిపించే రెండు పెట్టెలు ఉన్నాయి: ఏవీ టు హెచ్‌డీఎంఐ, హెచ్‌డీఎంఐ టు ఏవీ. ఏవీ అంటే ఆ మూడు రంగుల పిన్నులే. సైజు, రంగు, సాకెట్లు దాదాపు ఒకటే. మొదటిది పాత వీసీఆర్‌ను కొత్త టీవీకి కలిపేది. రెండోది కొత్త స్ట్రీమింగ్ స్టిక్కును పాత డబ్బా టీవీకి కలిపేది. ఏదీ రెండు వైపులా పని చేయదు. పేరు చూసి తికమకపడకుండా సాకెట్ల పక్కన అచ్చు చూడాలి. మన పనికి వచ్చే పెట్టె మీద మూడు రంగుల వైపు ఇన్‌పుట్ అని, హెచ్‌డీఎంఐ వైపు అవుట్‌పుట్ అని ఉంటుంది.

దానికి 5 వోల్టుల కరెంటు కూడా తప్పనిసరి. టీవీ యూఎస్‌బీ నుంచి తీసుకుంటే పాత రకం పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు. చాలా పెట్టెలకు అది చాలుతుంది. కొన్నిటికి అంచు మీద ఉండి, బొమ్మ నిమిషానికోసారి నల్లబడి మళ్లీ వస్తుంది. అప్పుడు వీసీఆర్‌ను అనుమానించే ముందు 1 యాంపు ఇచ్చే మొబైల్ చార్జరుకు మార్చి చూడడం మేలు.

బొమ్మ రానప్పుడు తప్పు ఏ వైపు ఉందో పట్టుకోవడానికి సులువైన గుర్తు ఉంది. టీవీ రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కితే 1080పీ అనో 720పీ అనో కనిపిస్తే కన్వర్టర్, హెచ్‌డీఎంఐ వైరు బతికే ఉన్నాయి. తెర నీలంగా ఉన్నా లోపం వీసీఆర్ వైపుదే. టీవీ ‘నో సిగ్నల్’ అని రాస్తే కన్వర్టర్‌కు కరెంటు లేదు, లేదా హెచ్‌డీఎంఐ వైరు లూజు, లేదా రిమోట్‌లో ఎంచిన సోర్స్ నంబరు తప్పు.

అసలు కన్వర్టరే అక్కర్లేని సందర్భాలు

కొనే ముందు టీవీ వెనక, పక్కల ఒకసారి టార్చి వేసి చూడడం అవసరం. పసుపు సాకెట్టు కనబడనంత మాత్రాన కాంపోజిట్ ఇన్‌పుట్ లేదని కాదు. దాన్ని దాచే చోట్లు రెండు.

మొదటిది, హెడ్‌ఫోన్ సాకెట్టులా కనిపించే 3.5 మిల్లీమీటర్ల గుండ్రటి సాకెట్టు, పక్కన ‘ఏవీ ఇన్’ అనే అచ్చు. దీనికి నాలుగు మెట్టుల పిన్ను కావాలి. ఇక్కడో మెలిక ఉంది. నాలుగు మెట్టుల్లో ఏది వీడియో, ఏది ఎర్తు అన్నది కంపెనీని బట్టి మారుతుంది. టీవీ పెట్టెలో ఇచ్చిన చిన్న అడాప్టర్ పారేసి, హ్యాండీక్యామ్‌తో వచ్చిన వైరు పెడితే పసుపు పిన్నులో బొమ్మ రాకుండా, స్పీకర్‌లో ‘జుయ్’మని మోత వస్తుంది. ఆ మోత వీడియో సిగ్నలే, తప్పు దారిలో ఆడియోలోకి వెళ్లింది. పసుపును తెలుపు చోట, తర్వాత ఎరుపు చోట మార్చి చూస్తే కొన్నిసార్లు కుదురుతుంది. ఎర్తు మెట్టే వేరైతే ఏం మార్చినా కుదరదు. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, పసుపు పిన్ను బయటి రింగు ఏ మెట్టుకు తగిలితే కూస్తుందో చూస్తే ఆ వైరు సంగతి నిమిషంలో తేలిపోతుంది.

రెండోది, ఆకుపచ్చ, నీలం, ఎరుపు సాకెట్ల వరస. ఇది కాంపోనెంట్ ఇన్‌పుట్. కొన్ని టీవీల్లో ఆకుపచ్చ సాకెట్టు చుట్టూ సగం పసుపు రంగు పూసి ఉంటుంది, లేదా పక్కన వీడియో అని ఉంటుంది. పసుపు పిన్నును ఆ ఆకుపచ్చలోనే పెట్టాలి. పెట్టాక బొమ్మ నలుపు తెలుపులో వస్తే వైరు మార్చనక్కర్లేదు. టీవీ దాన్ని కాంపోనెంట్ అనుకుంటోందన్నమాట. వెలుతురు మాత్రం చదువుకుంటోంది, దాని మీద ఎక్కి వచ్చిన రంగును వదిలేస్తోంది. సోర్స్ మెనూలో కాంపోనెంట్ నుంచి ఏవీకి మారిస్తే రంగు వస్తుంది.

కేబుల్ సెట్‌టాప్ బాక్స్ సంగతి ఇంకా తేలిక. హైదరాబాద్, విశాఖపట్నంలో కేబుల్ డిజిటల్‌కు మారడానికి గడువు 2013 మార్చి 31. ఆ రోజుల్లో ఇళ్లకు వచ్చిన పెట్టెల్లో మూడు రంగుల పిన్నులు మాత్రమే ఉన్నవి కొన్ని ఇంకా నడుస్తున్నాయి. వాటికి కన్వర్టర్ కొనేకంటే హెచ్‌డీఎంఐ ఉన్న పెట్టెకు మార్చమని ఆపరేటర్‌ను అడగడం తెలివైన పని. ప్రసారం ఎటూ డిజిటల్‌గానే వస్తోంది, దాన్ని అనలాగ్ చేసి మళ్లీ డిజిటల్ చేయడంలో పోయేది బొమ్మ నాణ్యతే.

కన్వర్టర్ పెట్టెలో జరిగే పని

పెట్టె లోపల చిప్పు మొదట గీతను ముక్కలు చేస్తుంది. సెకనుకు 1.35 కోట్ల సార్లు వోల్టేజి కొలిచి, గీతకు 720 చుక్కల లెక్కన అంకెలుగా మారుస్తుంది. తర్వాత వెలుతురు మీద ఎక్కిన రంగును విడదీస్తుంది. ఈ పని సరిగా చేయకపోతే సన్నని గళ్ల చొక్కా మీద ఇంద్రధనుస్సు మరకలు కదులుతాయి, అక్షరాల అంచుల వెంట చీమలు పాకినట్టు చుక్కలు నడుస్తాయి.

ఆ తర్వాతది బేసి, సరి ఫీల్డులను కలపడం. తలంబ్రాల సీను తీసుకోండి. పెళ్లికూతురు చెయ్యి తెర ఈ చివర నుంచి ఆ చివరకు ఒక సెకనులో కదిలిందనుకుంటే, 720ని 50తో భాగిస్తే ఒక ఫీల్డుకూ ఇంకో ఫీల్డుకూ మధ్య 14 చుక్కలు జరిగినట్టు. రెండు ఫీల్డులనూ గుడ్డిగా ఒకదాని మధ్య ఒకటి పేరిస్తే చేతి అంచు 14 చుక్కల పొడవు పళ్లున్న దువ్వెనలా కనిపిస్తుంది. దీన్ని తప్పించడానికి చవక పెట్టెలు ఒక్కో ఫీల్డునే తీసుకుని గీతలను రెట్టింపు చేస్తాయి. దువ్వెన పోతుంది, నిలువు వివరం సగమవుతుంది, నిశ్చలంగా ఉన్న టైటిల్ అక్షరాలు సన్నగా వణుకుతాయి. ఖరీదైనవి కదలని చోట రెండు ఫీల్డులనూ పేర్చి, కదిలే చోట మాత్రం ఒక్కదాన్నే వాడతాయి. ధరలో తేడాకు అసలు కారణాల్లో ఇది ముఖ్యమైనది.

ఇక సాగదీయడం. చాలా పెట్టెల మీద 720, 1080 అని చిన్న స్విచ్చు ఉంటుంది. 1080 వైపు నెడితే క్యాసెట్ హెచ్‌డీ అవుతుందని ఆశ. లెక్క చూద్దాం. వీహెచ్‌ఎస్, అంటే మామూలు వీసీఆర్ క్యాసెట్ టేపు మీద వెలుతురు వివరం సుమారు 3 మెగాహెర్ట్జ్ దాకానే నమోదవుతుంది. 52 మైక్రోసెకన్లలో ఆ అల 156 సార్లు లేచి పడుతుంది. లేచింది ఒక తెల్ల చుక్క, పడింది ఒక నల్ల చుక్క అనుకుంటే గీతకు 312 చుక్కలు. 1080పీ తెర మీద గీతకు 1920. అంటే తెర నిండా పరిస్తే క్యాసెట్ ఇచ్చే ఒక్కో చుక్కను ఆరు చుక్కల వెడల్పున పులమాలి. రంగు వివరం అంతకంటే చాలా తక్కువ. టేపు మీద దాన్ని 627 కిలోహెర్ట్జ్ దగ్గరికి దించి రాస్తారు. ఎర్ర పట్టుచీర రంగు పక్కనున్న తెల్ల పంచె మీదికి కారినట్టు కనిపించేది అందుకే. ఆ స్విచ్చు నిజంగా పనికొచ్చేది ఆ రెండు సైజుల్లో ఏదో ఒకదాన్ని ఒప్పుకోని పాత మానిటర్ల దగ్గర.

సాగదీయడంలో ఇంకో అన్యాయం జరుగుతుంది. పాత బొమ్మ వెడల్పు ఎత్తులు 4:3 నిష్పత్తిలో ఉంటాయి, తెర 16:9. చవక పెట్టె ఏమీ అడగకుండా అటూ ఇటూ లాగి తెర నింపేస్తుంది. మనుషులు మూడో వంతు లావుగా కనిపిస్తారు. సరైన కొలత 1920లో మధ్యన 1440 చుక్కలు, రెండు పక్కలా 240 చొప్పున నల్ల పట్టీలు. టీవీ పిక్చర్ మెనూలో 4:3 ఉంటే సరిపోతుంది. కొన్ని టీవీలు హెచ్‌డీ సిగ్నల్ వస్తే ఆ ఎంపికను మూసేస్తాయి. అలాంటి టీవీ ఉన్నవాళ్లు 4:3 బటన్ ఉన్న పెట్టె చూసుకోవాలి.

ఆఖరిది వేగం. క్యాసెట్ నుంచి సెకనుకు 50 ఫీల్డులు వస్తాయి, చాలా పెట్టెలు హెచ్‌డీఎంఐలోకి 60 బొమ్మలు పంపుతాయి. లోటు పూడ్చడానికి ప్రతి 5 బొమ్మలకు ఒకదాన్ని రెండోసారి చూపిస్తాయి. కింద అక్షరాలు పాకుతూ ఉంటే ఐదు అడుగులు వేసి ఒక క్షణం ఆగినట్టు, సెకనుకు పదిసార్లు తడబడతాయి. మాట్లాడే మనుషుల దృశ్యంలో ఇది కంటికి ఆనదు. కెమెరా పక్కకు తిరిగినప్పుడు ఇట్టే తెలుస్తుంది. 50 హెర్ట్జ్ అవుట్‌పుట్ ఎంచుకునే వీలున్న పెట్టెతో ఇది పూర్తిగా పోతుంది, టీవీ కూడా 50 తీసుకోవాలి. మన దగ్గర అమ్మే టీవీలు మామూలుగా తీసుకుంటాయి, కంప్యూటర్ మానిటర్లు మొరాయించొచ్చు.

క్యాసెట్‌కు మాత్రమే ఉండే జబ్బు

డీవీడీ ప్లేయర్‌తో బాగా పని చేసిన కన్వర్టరే వీసీఆర్‌కు పెడితే ఉన్నట్టుండి నీలం తెర చూపిస్తుంది. దీనికి కారణం టేపు. డీవీడీ ప్లేయర్ గీతలను క్వార్ట్జ్ గడియారం లెక్కన 64 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున పంపుతుంది. వీసీఆర్‌లో ప్లాస్టిక్ టేపు తిరుగుతున్న డ్రమ్ముకు చుట్టుకుని పోతుంది. టేపు సాగితే, తేమకు అంటుకుంటే, రబ్బరు చక్రం జారితే గీత ఒకసారి కాస్త ముందు, ఒకసారి కాస్త వెనక వస్తుంది. డబ్బా టీవీ ఈ తడబాటును మన్నించేది. సింక్ గుర్తు ఎప్పుడొస్తే అప్పుడు గీత మొదలుపెట్టేది, బొమ్మ పైభాగం కొంచెం జెండాలా వంగేది, అంతే. డిజిటల్ చిప్పు తన గడియారాన్ని నమ్ముకుంటుంది. గుర్తు అనుకున్న చోట లేకపోతే బొమ్మే లేదని తేల్చేస్తుంది.

మందు పేరు టైమ్ బేస్ కరెక్టర్. గీతలను కాసేపు మెమరీలో పట్టి, సమానమైన ఎడంతో బయటికి వదిలే సర్క్యూట్ ఇది. కొన్ని పై తరగతి ఎస్-వీహెచ్‌ఎస్ వీసీఆర్లలో లోపలే ఉంది. విడిగా కొంటే ఖరీదు. డబ్బు పెట్టలేనివాళ్లు కనిపెట్టిన దారి ఒకటుంది: పాత డీవీడీ రికార్డర్‌ను మధ్యలో పెట్టడం. వీసీఆర్ పసుపు పిన్ను రికార్డర్ ఇన్‌పుట్‌లోకి, రికార్డర్ అవుట్‌పుట్ కన్వర్టర్‌లోకి. రికార్డు చేయనక్కర్లేదు, బొమ్మ దాని మెమరీ గుండా పోతే చాలు. పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10 ఈ పనికే పేరు తెచ్చుకుంది. ఉత్త డీవీడీ ప్లేయర్ పనికి రాదు, దానికి వీడియో ఇన్‌పుట్ ఉండదు.

వంకర తగ్గకపోయినా చేయదగిన పని ట్రాకింగ్. రిమోట్‌లోనో ముందు ప్యానెల్‌లోనో ఉన్న ఆ బటన్‌ను బొమ్మ మీది తెల్ల చారికలు కిందికి దిగేదాకా కదపాలి. ఎంత కదిపినా అట్టడుగున నాలుగైదు గీతల మేర చిందరవందర మిగులుతుంది. అది వీసీఆర్ ఒక హెడ్డు నుంచి ఇంకో హెడ్డుకు మారే చోటు. డబ్బా టీవీ చట్రం దాన్ని దాచేసేది, కొత్త టీవీ అంచు దాకా చూపిస్తుంది కాబట్టి బయటపడుతుంది. కొత్తగా వచ్చిన లోపం కాదు.

కంపెనీలు అమ్మిన సినిమా క్యాసెట్లలో కాపీ చేయకుండా మాక్రోవిజన్ అనే అడ్డు పెట్టేవారు. కనిపించే బొమ్మ పైన, తెర బయటి గీతల్లో దొంగ పల్సులు ఉంటాయి. కన్వర్టర్ వాటిని చూసి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, మళ్లీ పెంచుతుంది. బొమ్మ ఊపిరి తీసినట్టు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. పెళ్లి క్యాసెట్లలో ఇది ఉండదు. అరిగిపోయిన టేపు మీది గోలను కొన్ని రికార్డర్లు ఈ అడ్డేనని పొరపాటు పడి, సొంత పెళ్లి కాపీ చేసుకోవడానికి కూడా ఒప్పుకోవు!

అమెరికాలో స్థిరపడిన మన వాళ్లకు ఇంకో చిక్కు. ఇక్కడి పాల్ క్యాసెట్ అక్కడి ఎన్‌టీఎస్‌సీ వీసీఆర్‌లో చదవబడదు. అక్కడి లెక్క 525 గీతలు, సెకనుకు 30 ఫ్రేముల కంటే కాస్త తక్కువ. టేపును చదవడంలోనే తేడా కాబట్టి బయట ఎంత మంచి కన్వర్టర్ పెట్టినా లాభం లేదు, రెండు పద్ధతులూ చదివే మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి. తిరగేసి, అక్కడి క్యాసెట్‌ను ఇక్కడి వీసీఆర్లు చాలావరకు ఆడిస్తాయి గానీ 525 గీతల మీద పాల్ రంగు ఎక్కించిన కలగాపులగపు సిగ్నల్ పంపుతాయి. కొన్ని చవక కన్వర్టర్లు దాన్ని నలుపు తెలుపులోనే చూపిస్తాయి.

ఒక్కో పరికరానికి ఒక్కో దారి

డీవీడీ ప్లేయర్‌లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు కాంపోనెంట్ పిన్నులు ఉంటే పసుపును ముట్టుకోకూడదు. కాంపోనెంట్‌లో వెలుతురు, రంగు వేర్వేరు తీగల మీద వస్తాయి, విడదీసే గొడవే లేదు. దానికి కాంపోనెంట్ టు హెచ్‌డీఎంఐ అనే వేరే కన్వర్టర్ కావాలి. ఎస్-వీడియో, అంటే నాలుగు సన్న కాళ్లున్న గుండ్రటి సాకెట్టు, నాణ్యతలో ఈ రెంటికీ మధ్యది. హై8 హ్యాండీక్యాముల్లో ఎక్కువగా ఉంటుంది.

హ్యాండీక్యామ్ క్యాసెట్ మీద మినీడీవీ అని ఉంటే మాత్రం ఆగాలి. ఆ టేపు మీద ఉన్నవి ఇప్పటికే అంకెలు. ఏవీ పిన్నుతో లాగితే డిజిటల్‌ను అనలాగ్ చేసి మళ్లీ డిజిటల్ చేసినట్టు. కెమెరా మీద డీవీ అనో ఐలింక్ అనో రాసి ఉన్న చిన్న ఫైర్‌వైర్ సాకెట్టు నుంచి కంప్యూటర్‌కు తీసుకుంటే టేపులో ఉన్నది ఉన్నట్టు వస్తుంది. కొత్త ల్యాప్‌టాపుల్లో ఫైర్‌వైర్ ఉండదు, కార్డు స్లాటున్న పాత డెస్క్‌టాప్ ఇప్పటికీ ఈ పనికి బంగారం.

టీవీ గేములకు కష్టం వేరు. అవి ఇంటర్‌లేస్ లేకుండా ప్రతిసారీ అవే గీతల మీద బొమ్మ గీస్తాయి. చవక కన్వర్టర్ దాన్ని కూడా బేసి-సరి ఫీల్డులే అనుకుని కలపబోతుంది. రెప్పపాటుకోసారి మిణుకుమనేలా గీసిన బొమ్మలు పూర్తిగా మాయమైపోతాయి. పైగా ఆలస్యం: బొమ్మను రెండు ఫ్రేముల సేపు మెమరీలో ఆపితే 50 హెర్ట్జ్ దగ్గర 40 మిల్లీసెకన్లు. క్యాసెట్ చూసేవాడికి లెక్కలేదు, బటన్ నొక్కి గెంతేవాడికి ప్రాణం పోతుంది. పక్షుల్ని కాల్చే ప్లాస్టిక్ తుపాకీ ఎల్ఈడీ టీవీ మీద ఏ కన్వర్టర్‌తోనూ పేలదు. డబ్బా టీవీ తెర వెలిగే క్షణాన్ని పట్టుకునేలా దాన్ని తయారుచేశారు.

వీజీఏ కంప్యూటర్ అన్నిటికంటే సులువు. ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా, ఇంటర్‌లేస్ లేకుండా వస్తాయి. చిన్న వీజీఏ టు హెచ్‌డీఎంఐ పెట్టె చాలు, శబ్దానికి 3.5 మిల్లీమీటర్ల వైరు వేరుగా పెట్టాలి. వీజీఏ పిన్నుకు మూడు రంగుల పిన్నులు అతికించిన వైరు ఒకటి దొరుకుతుంది. అది వీజీఏ సాకెట్టులోకి కాంపోనెంట్ తీసుకునే కొన్ని ప్రొజెక్టర్ల కోసం, వీసీఆర్ కోసం కాదు.

ఒక పిన్ను నుంచి రెండు టీవీలకు

హాల్లో పాత టీవీ, గదిలో కొత్త టీవీ రెంటికీ బొమ్మ కావాలని వై ఆకారపు జాయింట్ పెడతారు. బొమ్మ మసకబారుతుంది, కన్వర్టర్ వైపు నీలం తెర. లెక్క ఇది. వీసీఆర్ లోపల 2 వోల్టులు 75 ఓమ్‌ల గుండా బయటికి వస్తాయి. అవతల ఒక టీవీ 75 ఓమ్‌ల బరువు పెడితే సగం, అంటే 1 వోల్టు అందుతుంది. రెండు టీవీలు కలిస్తే బరువు 37.5 ఓమ్‌లు. 2ను 37.5తో గుణించి 112.5తో భాగిస్తే 0.67 వోల్టు. సింక్ గుర్తు కూడా 0.3 నుంచి 0.2కు పడిపోతుంది. ఆ మాత్రం గుర్తుతో కొన్ని చిప్పులు గీత మొదలు పట్టలేవు. దీనికి కరెంటుతో నడిచే వీడియో డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్ కావాలి, లేదా కన్వర్టర్ తర్వాత హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ పెట్టాలి.

పిన్నులు పెట్టేటప్పుడు చేతికి చిన్న జిల్లు తగిలితే వైరు తెగిందని కాదు. రెండు కాళ్ల ప్లగ్గున్న పెట్టెలకు ఎర్తు ఉండదు, లోపలి కెపాసిటర్ గుండా కొంచెం కరెంటు బయటి లోహానికి ఊరుతుంది. మనిషికి సాధారణంగా ప్రమాదం కాదు గానీ హెచ్‌డీఎంఐ చిప్పుకు కావచ్చు. అన్నిటి ప్లగ్గులూ తీసి, వైర్లన్నీ కలిపాక కరెంటు ఇచ్చే అలవాటు అందుకే.

చవక పెట్టెనా, స్కేలరా, ఫైలు చేసుకోవడమా

వెయ్యి రూపాయల లోపు కన్వర్టర్‌ను హాబీలవాళ్లు చెత్త అంటారు. గేములకైతే ఆ మాట నిజమే. రెట్రోటింక్ లాంటి స్కేలర్లు, అంటే పాత బొమ్మను కొత్త తెర సైజుకు పెంచే మేలు రకం పెట్టెలు, ఆలస్యాన్ని దాదాపు లేకుండా చేస్తాయి, గేమ్ గీతలను సరిగా గుర్తిస్తాయి. ఓఎస్‌ఎస్‌సీ అనే స్కేలర్ కూడా పేరున్నదే గానీ అందులో పసుపు పిన్నుకు సాకెట్టు లేదు. ఇంకోవైపు వాదన కూడా బలమైనదే. 312 చుక్కల క్యాసెట్‌ను సంవత్సరానికోసారి చూసే ఇంటికి పాతిక ముప్పై రెట్ల ధర పెట్టి స్కేలర్ తెప్పిస్తే తెర మీద కనిపించే తేడా ఆ డబ్బుకు తగినంత ఉండదు. మూడో వర్గం డబ్బా టీవీని ఉంచేసుకోమంటుంది. పాత సిగ్నల్ అందంగా కనిపించేది దాని మీదేనన్నది కాదనలేం. చోటు, బరువు, బాగుచేసే మనిషి దొరకడం వేరే సంగతి.

పెళ్లి క్యాసెట్‌కైతే టీవీకి కలపడం కంటే ఒకేసారి ఫైలుగా మార్చుకోవడం నయమని నా అంచనా. ఆడించిన ప్రతిసారీ టేపు అరుగుతుంది. లెక్క భయపెట్టేది కాదు. ఈ-180 క్యాసెట్ 3 గంటలు, అంటే 10,800 సెకన్లు. వీడియోను కుదించి దాచే హెచ్.264 పద్ధతిలో సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున చేస్తే 5.4 గిగాబైట్లు, పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. ఎడిటింగ్‌కు పనికొచ్చే డీవీ ఫైలుగా చేస్తే గంటకు 13 చొప్పున 39 గిగాబైట్లు. బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్కు పసుపు పిన్నును నేరుగా తీసుకుంటుంది, హెచ్‌డీఎంఐ కన్వర్టర్ అవసరమే లేదు. కన్వర్టర్ గుండా తీసి హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డుతో రికార్డు చేసేవాళ్లూ ఉన్నారు. తీగలు కలపడం తేలిక, కానీ ఫీల్డులు కలిపేసిన తీరు, సాగదీసిన కొలత, 60 తడబాటు ఫైలులో శాశ్వతంగా ముద్రపడతాయి. నేరుగా 576 గీతల ఇంటర్‌లేస్‌గా దాచుకుంటే ఫీల్డులు కలిపే పనిని రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్‌కు వదలొచ్చు.

క్యాసెట్లు ఆడించే వరస కూడా ముఖ్యమే. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఇళ్లలో దాచిన వాటిని క్యాసెట్ మీది ప్లాస్టిక్ కిటికీ లోంచి చూస్తే టేపు చుట్ట అంచు మీద తెల్ల పొడిలా బూజు కనిపిస్తుంది. దాన్ని వీసీఆర్‌లో పెడితే బూజు హెడ్ల మీదికి ఎక్కి బొమ్మ నిండా చుక్కలు పడతాయి. ఆ హెడ్లతోనే తర్వాతి క్యాసెట్ పెడితే దానికీ అంటుకుంటుంది. అందుకే శుభ్రమైనవన్నీ ముందు ఎక్కించుకుని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించిన బూజు క్యాసెట్‌ను ఆఖరికి పెడతారు.